లోపలి బరువును కట్టేయడం: మారేడ్‌పల్లి నుంచి పుణెకి ఒక పాత వాక్యూమ్ క్లీనర్

పోయిన ఏడాది జూలైలో వెస్ట్ మారేడ్‌పల్లి నుంచి ఒక పెద్దావిడ ఫోన్ చేశారు. అటక మీద వాళ్ళ నాన్నగారి కాలం నాటి దుమ్ము మిషన్ ఒకటుందట. పుణెలో పాత గృహోపకరణాలు సేకరించే ఒకాయన దాన్ని కొనుక్కుంటానన్నారట. "డబ్బు సంగతి మేం మాట్లాడుకున్నాం బాబూ, అది విరక్కుండా అక్కడికి చేరితే చాలు" అన్నారు.

నేను పదిహేనేళ్ళుగా హైదరాబాద్‌లో పాత రేడియోలు, గ్రామఫోన్లు, గోడ గడియారాలు, కుట్టుమిషన్లు ప్యాక్ చేసి పంపే పనిలో ఉన్నాను. వాక్యూమ్ క్లీనర్ చేతికి రావడం అదే మొదలు. అందుకే ఈ పనిని మొదటి రోజు నుంచి నోటుబుక్కులో రాసిపెట్టుకున్నాను. ఏం చేశానో, ఎందుకు చేశానో, ఎక్కడ తప్పు జరిగిందో అన్నీ ఇక్కడ పెడుతున్నాను. ఇలాంటి వస్తువు ఇంట్లో ఉన్నవాళ్ళకి, పంపాల్సి వచ్చినవాళ్ళకి పనికొస్తుందని నా ఆశ.

వస్తువు

నేను వెళ్ళేసరికి హాల్లో దివాన్ మీద పేపరు పరిచి మిషన్ని పడుకోబెట్టారు. నిజంగానే అది పడుకునే మిషన్. 52 సెంటీమీటర్ల పొడవున్న గొట్టం లాంటి ఒళ్ళు, కింద జారుడుబండిలా రెండు లోహపు పట్టాలు. ఎలక్ట్రోలక్స్ కంపెనీ 1919లో స్వీడన్‌లో పుట్టింది. 1921లో వాళ్ళు తెచ్చిన మోడల్ ఫైవ్‌తో ఈ రూపం వచ్చింది. నేల మీద పట్టాలతో జారుతూ మనిషి వెనకాలే రావాలన్నది ఆలోచన. మా మిషన్ దాని తరవాతి తరాల్లో ఒకటి. పక్కనున్న ప్లేటు సగం అరిగిపోయింది కానీ ఇంగ్లండులోని లూటన్ అనే ఊరి పేరు మాత్రం చదవగలిగాను.

పెద్దావిడ నాన్నగారు నిజాం స్టేట్ రైల్వేలో ఇంజనీరు. సికింద్రాబాద్ కంటోన్మెంట్‌లో ఉండే ఒక దొర 1947లో ఇల్లు ఖాళీ చేసి వెళ్ళిపోతూ సామాన్లు అమ్మేస్తే, ఆయన దీన్ని, ఒక తివాచీని కలిపి కొన్నారట. "మేం పిల్లలం దగ్గరికెళ్తే కేకలేసేవారు. ఆదివారం ఆయనే స్వయంగా తివాచీ మీద తిప్పేవారు" అని చెప్పారావిడ. మనలో ఎక్కువమందికి వాక్యూమ్ క్లీనర్ అంటే 1982 తరవాత టై కట్టుకుని ఇంటింటి తలుపూ తట్టిన యురేకా ఫోర్బ్స్ సేల్స్‌మెన్ గుర్తొస్తారు. అంతకు 35 ఏళ్ళ ముందే సికింద్రాబాద్‌లో ఒక తెలుగు ఇంట్లో ఇది తిరిగిందంటే నాకు ఆ మిషన్ మీద గౌరవం పెరిగింది.

సామాను మొత్తం ఇదీ: మిషన్ 7.2 కిలోలు. గుడ్డ అల్లిక ఉన్న గొట్టం ఒకటి, దాదాపు రెండు మీటర్లు. క్రోమ్ పూత ఉన్న ఉక్కు పైపులు రెండు. తివాచీ ముక్కు, గుర్రపు వెంట్రుకల బ్రష్, సందుల్లో పెట్టే సన్నటి ముక్కు. వీటితో పాటు గాజు సీసా, బేకలైట్ (పాతకాలపు గట్టి ప్లాస్టిక్) మూత ఉన్న స్ప్రేయర్. ఈ మిషన్లు వెనక నుంచి గాలి వదులుతాయి కదా, ఆ గాలితో రంగు, మందు చల్లుకోవడానికి ఆ స్ప్రేయర్ ఇచ్చేవారు. సీసా ఇన్నేళ్ళూ పగలకుండా ఉంది. నాకు టెన్షన్ మొదలైంది దాన్ని చూశాకే. కానీ చివరికి ఇబ్బంది పెట్టింది అది కాదు.

ఆ రేడియో నేర్పింది

ప్యాకింగ్‌లోకి వెళ్ళేముందు పాత సంగతి ఒకటి చెప్పాలి, ఎందుకంటే ఈ కేసులో నేను తీసుకున్న ప్రతి నిర్ణయం వెనక అది ఉంది. ఎనిమిదేళ్ళ కిందట ఒక బేకలైట్ వాల్వ్ రేడియోని కోల్‌కతాకి పంపాను. మంచి పెట్టె, నాలుగు పొరల బబుల్ షీట్, రెండువైపులా ఫోమ్. పెట్టె అక్కడికి నొక్కు కూడా పడకుండా చేరింది. తెరిచి చూస్తే క్యాబినెట్ మూడు ముక్కలు.

రవాణా వాళ్ళ తప్పేమీ లేదు. లోపలి ఛాసిస్ మీద, అంటే భాగాలన్నీ బిగించే లోహపు చట్రం మీద, ఉన్న ట్రాన్స్‌ఫార్మర్ రెండు కిలోల పైనే ఉంటుంది. ఆ ఛాసిస్‌ని క్యాబినెట్‌కి పట్టి ఉంచేది నాలుగు మరలు, ఆ మరలు దిగేది బేకలైట్‌లోకి. పెట్టె ఎక్కడో ధబ్బున పడింది. బయట ఫోమ్ కొంత ఆపింది, కానీ లోపలి బరువు ఆగలేదు. అది తన ఇంటిని తనే పగలగొట్టుకుంది. బేకలైట్ 1907లో లియో బేకెలాండ్ కనిపెట్టిన పదార్థం. వేడికి, కరెంటుకి బాగా తట్టుకుంటుంది కానీ దెబ్బకి వంగడం దానికి తెలీదు. గాజులాగే పగులుతుంది.

ఆ రేడియో యజమానికి డబ్బు తిరిగిచ్చాను, కానీ ఆ క్యాబినెట్‌ని ఇవ్వలేకపోయాను. అప్పటి నుంచి ఏ వస్తువు వచ్చినా ముందు అడిగే ప్రశ్న ఒకటే: దీని లోపల బరువు ఎక్కడుంది, అది దేన్ని పట్టుకుని వేలాడుతోంది?

మూత తీశాక

మిషన్ని బోయిన్‌పల్లిలోని నా షెడ్డుకి తెచ్చి, ముందు 60 ఫోటోలు తీశాను. ప్రతి గీతా, ప్రతి సొట్టా పక్కన స్కేలు పెట్టి మరీ తీశాను. తరవాత వెనక మూత మరలు విప్పాను.

అనుకున్నట్టే ఉంది. మోటారు, దాని ఫ్యాన్లు కలిపి ఒక ముద్ద, తూకానికి పెడితే మూడు కిలోలకి కాస్త ఎక్కువ. అంటే మొత్తం మిషన్ బరువులో దాదాపు సగం. నడిచేటప్పుడు అదురు ఒంటికి తగలకూడదని దాన్ని రబ్బరు రింగుల మధ్య కూర్చోబెట్టారు. ఆ రబ్బరు కొత్తగా ఉన్నప్పుడు మెత్తటి దిండు. ఇప్పుడు గోరుతో నొక్కితే బిస్కెట్‌లా పొడి రాలింది. ఒకచోట రింగు పూర్తిగా విరిగి, మోటారుకీ మిషన్ ఒంటికీ మధ్య నా చిటికెన వేలు దూరేంత సందు. చేత్తో మిషన్ని మెల్లగా పక్కకి వంచితే లోపల "టక్" అని చప్పుడు వచ్చింది. ఆ టక్కే నా కేసు.

లెక్క చూడండి. 61 సెంటీమీటర్ల ఎత్తు నుంచి పడ్డ వస్తువు 1 సెంటీమీటరులో ఆగితే, ఆ ఆగే క్షణంలో సగటున దాని బరువుకి 61 రెట్లు ఒత్తిడి పడుతుంది. మూడు కిలోల మోటారు అంటే 180 కిలోల పైమాట. అదే 3 సెంటీమీటర్లు కుంగి ఆగితే 20 రెట్లు, అంటే 60 కిలోలు. ప్యాకింగ్ అనే పని మొత్తం ఆ రెండు సెంటీమీటర్ల కోసమే. కానీ మోటారు లోపల విడిగా ఊగుతుంటే, బయట ఎంత ఫోమ్ పెట్టినా అది మిషన్ ఒంటిని కొట్టేటప్పుడు మళ్ళీ ఒకటి రెండు మిల్లీమీటర్లలోనే ఆగుతుంది. బయటి మెత్తదనం లోపలికి చేరదు.

ముందు తలుపున్న వాషింగ్ మెషిన్ కొన్నప్పుడు వెనక పొడవాటి బోల్టులు చూసే ఉంటారు. డ్రమ్ము ఊగకుండా ఫ్యాక్టరీలో బిగించి పంపుతారు, ఇంట్లో బిగించేవాడు వాటిని తీసేస్తాడు. ఆ ఆలోచననే ఇక్కడ పెట్టాను. ఈపీఈ ఫోమ్‌ని, అంటే పాలిథిన్‌తో చేసే, నొక్కితే కుంగి మళ్ళీ లేచే తెల్లటి నురుగు షీటుని, చీలికలుగా కోసి, ఒక్కోదానికి ఉతికిన నూలుగుడ్డ చుట్టి, మోటారు చుట్టూ ఆరుచోట్ల దూర్చాను. బలంగా కొట్టలేదు, వేలితో నెడితే వెళ్ళేంత బిగువు మాత్రమే. కొత్త రబ్బరు రింగులు వేసేయొచ్చు కదా అని నా దగ్గర పనిచేసే కుర్రాడు అడిగాడు. వెయ్యొచ్చు. కానీ పుణె ఆయన కొన్నది అసలు వస్తువుని. ఏది మార్చాలో, ఏది ఉంచాలో ఆయన ఇష్టం. నేను చేసేదేదైనా పది నిమిషాల్లో వెనక్కి తీసేయగలిగేలా ఉండాలి.

ప్రతి చీలికకీ ఎర్ర రిబ్బను కట్టి, ఆరు రిబ్బన్ల కొసల్నీ మూత బయటికి తెచ్చి ఒక చీటీ తగిలించాను: "లోపల 6 ముక్కలున్నాయి. ఆరూ తీశాకే స్విచ్ వెయ్యాలి." అంకె రాయడం ముఖ్యం. ఒక్క ముక్క లోపల మిగిలిపోయి మోటారు తిరిగిందంటే మొత్తం నాశనం.

కార్బన్ బ్రష్‌లు, అంటే మోటారులో తిరిగే భాగానికి కరెంటు అందించే కార్బన్ ముక్కలు, తీసి విడిగా పంపమని కొందరు చెబుతారు. నేను ముట్టుకోలేదు. అవి ఏళ్ళ తరబడి, తాము ఆనుకుని ఉండే కమ్యుటేటర్ అనే రాగి చక్రం వంపుకి తగ్గట్టు అరిగి ఉంటాయి. తీసి మళ్ళీ తిరగేసి పెడితే ఆ వంపు కుదరక నిప్పురవ్వలు వస్తాయి.

"ఒకసారి నడిపి వీడియో పంపండి"

పుణె ఆయన మర్యాదస్తులు, విషయం బాగా తెలిసినవారు. కానీ ఒక్క కోరిక కోరారు. పంపేముందు ఒకసారి నడిపి, చప్పుడు వినిపించాలని. ఆ కోరిక నాకు అర్థమవుతుంది. ఇలాంటి మోటార్లు ఏసీకీ డీసీకీ కూడా తిరిగే యూనివర్సల్ రకం. ఎన్నేళ్ళు పక్కన పడున్నా, ప్లగ్గు పెడితే గుర్రుమని లేచే అవకాశం ఉంటుంది. అందుకే జనం ఆగలేరు.

నేను మెగ్గర్, అంటే ఇన్సులేషన్ ఎంత బాగుందో కొలిచే మీటరు, పెట్టి చూశాను. వైండింగ్‌కీ (మోటారు తీగ చుట్టకీ) ఒంటికీ మధ్య 1 మెగోమ్ కూడా రాలేదు. అంటే తేమ పట్టిందో, ఇన్సులేషన్ పోయిందో, ఏదో ఒకటి. పైగా ఒళ్ళంతా లోహం, ప్లగ్గుకి ఎర్త్ పిన్ను లేదు. 230 వోల్టులు ఇస్తే మిషన్ కాలొచ్చు, పట్టుకున్న చేతికి షాక్ తగలొచ్చు. ఆ రీడింగు ఫోటో పెట్టి, నడపలేనని చెప్పాను. ఆయన ఒక పూట ఆలోచించి, "మీరు చెప్పినట్టే కానివ్వండి" అన్నారు. ఆ పూటంతా నేను ఫోను పక్కనే పెట్టుకుని కూర్చున్నాను. బేరం పోయినా సరే, నడపకూడదనే అనుకున్నాను.

దుమ్ము, పురుగు, పంచె

మిషన్ లోపల దుమ్ము పట్టే గుడ్డ సంచి విప్పితే ఇంకా దుమ్ముంది. ఎప్పటిదో చెప్పలేను, కానీ అందులో తివాచీ ఊలు నూలుపోగుల్లాగా కనిపించింది, ముదురు ఎరుపు రంగు. పెద్దావిడకి ఫోటో పంపితే "అవును, ఆ తివాచీ ఎరుపే" అన్నారు. దాన్ని మాస్కు పెట్టుకుని బయట దులిపాను. దుమ్ము ఉంచి పంపితే దారి పొడవునా అది మోటార్లోకి రాలుతుంది, పురుగు గుడ్లూ వెంట వెళ్తాయి. గుర్రపు వెంట్రుకల బ్రష్‌ని, గుడ్డ సంచిని పాలిథిన్‌లో గాలి పోకుండా మూసి రెండు వారాలు డీప్ ఫ్రీజర్‌లో పెట్టాను. మ్యూజియంలలో ఊలు, వెంట్రుకల వస్తువులకి చేసే పద్ధతే ఇది. మందు చల్లే అవసరం ఉండదు.

ఒంటికి తొడిగిన నల్లటి రెక్సిన్ విషయంలో జాగ్రత్త కావాలి. దాని మీద నేరుగా బబుల్ షీట్ చుడితే, మూసిన లారీలో వేడికి ఆ బుడగల గుండ్రటి ముద్రలు పడిపోతాయి, ఇక పోవు. పేపరు చుడితే సిరా అంటుతుంది. ముందు మెత్తటి నూలుగుడ్డ, ఆ పైన మిగతావన్నీ. ఈ మాట పెద్దావిడతో అంటే లోపలికి వెళ్ళి, బీరువాలోంచి ఒక పాత పంచె తెచ్చారు. అంచు వెలిసిపోయింది, ఉతికి ఉతికి వెన్నలా మెత్తబడింది. "నాన్నగారిది. దీంట్లో చుట్టి పంపు బాబూ" అన్నారు. గంజి లేని, రంగు లేని, వందసార్లు ఉతికిన నూలు. ఇంతకంటే మంచి గుడ్డ నాకు ఏ దుకాణంలోనూ దొరకదు. రెండు చుట్లు సరిగ్గా సరిపోయింది.

వైరు గురించి ఒక మాట. అసలు వైరు ఎప్పుడో పోయి, ఎవరో ఎలక్ట్రీషియన్ పీవీసీ వైరు వేశాడు. పీవీసీ వైరుని థర్మాకోల్‌కి ఆనించి ఉంచితే నెలల్లో థర్మాకోల్ కరిగి వైరుకి అతుక్కుంటుంది. వైరుని మెత్తగా ఉంచే నూనె లాంటి పదార్థం బయటికి ఊరి, దాన్ని తినేస్తుంది. పాత ప్లాస్టిక్ భాగాలకి కూడా అది మంచిది కాదు. అందుకని వైరుని వదులుగా చుట్టి, గుడ్డ సంచిలో వేసి, విడిగా పెట్టాను.

పెట్టెలు

రాణిగంజ్‌లో ఫోమ్ కొనే దుకాణంలో అబ్బాయి "అన్నా, థర్మాకోల్ గోలీలు ఒక బస్తా ఏస్కపో, సస్త పడ్తది, పెట్టె నిండిపోతది" అన్నాడు. పెట్టె నిండుతుంది, నిజమే. కానీ దారిలో కుదుపులకి బరువైన వస్తువు ఆ గోలీల మధ్య నుంచి మెల్లగా కిందికి దిగి, అట్టకి ఆనుకుంటుంది. పైగా గాలి పీల్చే మిషన్‌కి ముందూ వెనకా కంతలే. ఒక్క గోలీ ఫ్యాన్లోకి వెళ్తే తీయలేం. ఈపీఈ షీట్లే తీసుకున్నాను.

ఫోమ్ గట్టిదా మెత్తదా అన్నది బరువుని బట్టి ఉంటుంది. బరువు వస్తువు కింద మెత్తటిది పెడితే మొదటి దెబ్బకే అడుగంటుతుంది. తేలిక వస్తువు కింద గట్టిది పెడితే అది కుంగనే కుంగదు, చెక్క మీద పెట్టినట్టే. మిషన్ పొట్ట వంపుకి తగ్గట్టు రెండు ఊయల ముక్కలు కోశాను. పట్టాలు మాత్రం దేనికీ ఆనకుండా గాల్లో ఉండేలా కింద ఖాళీ వదిలాను. అవి సన్నటి మరలతో బిగించినవి. జారడానికి చేశారు, బరువు మోస్తూ పడటానికి కాదు. పైనున్న హ్యాండిల్‌కీ అంతే, చుట్టూ ఖాళీ. ఏ వస్తువైనా దాని గట్టి చోటు మీదే కూర్చోవాలి.

లోపలి పెట్టె 5 ప్లై (ఐదు పొరల అట్ట), కొలత 62, 34, 36 సెంటీమీటర్లు. దాని చుట్టూ ఆరు వైపులా 6 సెంటీమీటర్ల ఫోమ్. బయటి పెట్టె 7 ప్లై, 76, 48, 50. వానాకాలం కాబట్టి అట్ట మీద నాకు నమ్మకం తక్కువ. తేమ పీలిస్తే అట్ట బలం బాగా పడిపోతుంది, పైన నాలుగు పెట్టెలు పేరిస్తే కుంగిపోతుంది. అందుకే లోపలి పెట్టెని పాలిథిన్ సంచిలో పెట్టి, అందులో సిలికా జెల్ వేశాను. కానీ ముసురు పట్టిన రోజు ఈ పని చేస్తే ఆ తేమనే లోపల బంధించినట్టవుతుంది. మూడు రోజులు ఆగి, ఎండ కాసిన మధ్యాహ్నం చూసి మూశాను.

గాజు సీసాని దాని మూతతో కలిపి బిగించకుండా, విడదీసి, చెరోదాన్ని ఫోమ్‌లో గుంట తవ్వి కూర్చోబెట్టాను. క్రోమ్ పైపులకి చేతి చెమట తగిలితే ముద్రలు తుప్పుగా మారతాయి. గ్లవుజులు వేసుకుని తుడిచి, అట్ట గొట్టాల్లో పెట్టి, రెండు కొసలకీ చెక్క బిళ్ళలు వేశాను. లేకపోతే పైపు కొస బల్లెంలాగా పెట్టెని పొడుచుకుని బయటికొస్తుంది. ఇవన్నీ, చుట్టచుట్టిన గొట్టంతో సహా, రెండో పెట్టెలోకి వెళ్ళాయి.

ముందు డమ్మీని పడేశాం

ఈ భాగం నా పనిలో నాకు ఇష్టమైనది, చాలామంది వదిలేసేదీ ఇదే. అసలు వస్తువుని పెట్టేముందు, అంతే బరువున్న డమ్మీతో పెట్టెని పరీక్షించాలి. ఒక ఇనుప డక్టు ముక్కలో ఇసుక సంచులు, దానికి తోడు కాలిపోయిన టేబుల్ ఫ్యాన్ మోటారు ఒకటి పెట్టి 7 కిలోలు చేశాను. నష్టం ఎలా తెలుస్తుంది? జుమ్మేరాత్ బజారులో పాత నల్ల బేకలైట్ స్విచ్చులు కుప్పగా పోసి అమ్ముతారు. ఆరు కొనుక్కొచ్చి, మోటారుకీ డక్టుకీ మధ్య ఉన్న సందుల్లో టేపుతో అతికించాను. దెబ్బ తగిలితే ముందు అవి చెప్పాలి.

పార్సిళ్ళ పరీక్షకి ఇస్టా 1ఏ అనే పద్ధతి ఉంది. సుమారు 10 నుంచి 19 కిలోల మధ్య పెట్టె అయితే 61 సెంటీమీటర్ల ఎత్తు నుంచి పదిసార్లు పడెయ్యాలి: ఒక మూల మీద, ఆ మూలలో కలిసే మూడు అంచుల మీద, ఆరు ముఖాల మీద. షెడ్డు గచ్చు మీద నేనూ కుర్రాడూ కలిసి పడేశాం.

మొదటిసారి మోటారుకి చీలికలు పెట్టకుండా పరీక్షించాం, కావాలనే. పెట్టె బయటికి బాగానే ఉంది. తెరిస్తే ఆరు స్విచ్చుల్లో నాలుగు పగిలాయి. ఒకటి పొడి అయిపోయింది. ఆ నల్లటి ముక్కల్ని అరచేతిలో పోసుకుని చూస్తే నాకు కోల్‌కతా రేడియోనే కనిపించింది. రెండోసారి కొత్త స్విచ్చులు, చీలికలతో. పది దెబ్బలూ అయ్యాక ఆరూ క్షేమం. కాకపోతే ఒక మూల ఫోమ్ జిగురు ఊడి పక్కకి జరిగింది. మూల మీద పడ్డప్పుడు బరువంతా ఆ ఒక్క చోటే పడుతుంది. మూలలకి ముక్కలు అతికించడం మానేసి, ఎల్ ఆకారంలో ఒకే ముక్కగా కోసి పెట్టాను. మూడోసారి ఏదీ కదల్లేదు.

పరీక్షకి వాడిన పెట్టెని మళ్ళీ వాడకూడదు. అట్ట లోపలి అలలు ఒకసారి నలిగాక బలం రాదు. అదే కొలతతో కొత్తది చేయించాను.

పంపకం

నిండిన పెట్టె కాటా మీద 13.4 కిలోలు. కానీ విమానంలో పంపే కొరియర్లు పొడవు, వెడల్పు, ఎత్తు గుణించి 5,000తో భాగించి వచ్చిన అంకెని కూడా చూస్తారు. మా పెట్టెకి అది 36.5 కిలోలు. ఏది ఎక్కువైతే దానికే డబ్బు. జాగ్రత్తగా ప్యాక్ చేస్తే ఖర్చు పెరిగేది ఇక్కడే, దీన్ని కొనేవారికి ముందే చెప్పకపోతే తరవాత మాటలొస్తాయి. పుణె వరకూ 65వ నంబరు జాతీయ రహదారే. జహీరాబాద్, సోలాపూర్ మీదుగా సుమారు 560 కిలోమీటర్లు. రోడ్డు సర్వీసులోనే పంపాను, నేరుగా వెళ్ళే బండి చూసుకుని. మధ్యలో ఎన్నిసార్లు దించి ఎక్కిస్తే అన్ని గండాలు.

బీమా చేయించాను. రవాణా బీమా పాలసీల్లో, సరిగా ప్యాక్ చేయనందువల్ల కలిగిన నష్టానికి పరిహారం ఉండదనే షరతు మామూలే. అందుకే ప్రతి పొరా మూసేముందు ఫోటో తీసి ఉంచుకున్నాను. పగిలే వస్తువు అనే స్టిక్కర్లు, గట్టిగా కుదిపితే ఎర్రబడే షాక్ ఇండికేటరూ అంటించాను. స్టిక్కరు చూసి ఆగే చేతులు కొన్ని ఉంటాయి, కాబట్టి అంటిస్తాను. దాన్ని నమ్ముకుని ఒక్క సెంటీమీటరు ఫోమ్ కూడా తగ్గించను.

ఇది విదేశానికి వెళ్ళే సరుకైతే కథ వేరు. 1972 నాటి పురావస్తు చట్టం కింద వందేళ్ళు దాటిన వస్తువు పురావస్తువు అవుతుంది, దాన్ని దేశం దాటించడం కుదరదు. మా మిషన్‌కి ఇంకా అంత వయసు రాలేదు. వచ్చిందేమో అనే అనుమానం ఉంటే, కాదని పురావస్తు శాఖ నుంచి ధ్రువపత్రం తెచ్చుకోవాలి. ముడి చెక్కతో క్రేటు చేయిస్తే, చెక్క మధ్య భాగం వరకూ 56 డిగ్రీల వేడి 30 నిమిషాలు పట్టించి ముద్ర వేయించాలి. ప్లైవుడ్‌కి ఆ బాధ లేదు.

అక్కడ విప్పాక

నాలుగో రోజు సాయంత్రం పుణె ఆయన వీడియో కాల్ చేశారు. బయటి పెట్టె ఒక మూల బాగా నలిగి లోపలికి పోయింది. షాక్ ఇండికేటర్ ఎర్రగా మారింది. నా నోటివెంట మాట రాలేదు. ఆయన తొందరపడలేదు. నేను రాసి పెట్టిన కాగితం చదువుతూ, టేపు కోసి, మూల ముక్కలు తీసి, లోపలి పెట్టె బయటికి లాగారు. దాని మీద గీత కూడా లేదు. పంచె విప్పారు. ఎర్ర రిబ్బన్లు ఒక్కోటీ లాగుతూ తెలుగువాణ్ణని నాకోసం "ఒకటి, రెండు" అని లెక్కపెట్టారు, ఆ రెండంకెలే ఆయనకి తెలుసట. ఆరూ వచ్చాయి. రెక్సిన్ మీద మరక లేదు, పట్టాలు వంగలేదు.

తరవాత రెండో పెట్టె తెరిచారు. సీసా ఎత్తి దీపానికి పట్టి చూపించారు. గొట్టం తీసి మెల్లగా సాగదీస్తుంటే కొస దగ్గర, లోహపు మూతి కలిసేచోట, అల్లిక కింద రెండు సెంటీమీటర్ల చీలిక. పంపేముందు తీసిన ఫోటోల్లో ఆ చీలిక లేదు.

తప్పు నాదే. ఈ గొట్టాల్లో లోపల తీగ చుట్ట, దాని మీద రబ్బరు పట్టిన గుడ్డ, పైన అల్లిక ఉంటాయి. ఆ రబ్బరుకి కూడా మోటారు రింగుల వయసే. మోటారు రబ్బరు పొడి రాలడం కళ్ళారా చూసి కూడా, గొట్టంలో ఉన్నదీ అదే రబ్బరని ఆలోచించలేదు. పెట్టె చిన్నదిగా ఉండాలని 40 సెంటీమీటర్ల వెడల్పున చుట్ట చుట్టాను. వంపు ఎక్కువైనచోట, అదీ మూతి దగ్గర, నాలుగు రోజులు లాగి ఉంచితే ఎండిన రబ్బరు పగలకేం చేస్తుంది? కింద పడటం గురించే ఆలోచించాను. వంచి ఉంచడం కూడా దెబ్బేనని, కాకపోతే అది మెల్లగా తగులుతుందని నాకు తట్టలేదు.

మరమ్మతు ఖర్చు నేనే పెట్టుకుంటానన్నాను. ఆయన ఒప్పుకోలేదు. లోపల సన్నటి గుడ్డ పట్టీ వేసి అతికించుకోగలనన్నారు, అలాగే చేసి ఫోటో పంపారు. బీమాకి వెళ్ళలేదు, వెళ్ళడం న్యాయం కాదు కూడా. నెల తరవాత, వైండింగ్ ఆరబెట్టి, రింగులు మార్చి, ఎర్త్ వైరు వేయించాక మిషన్ నడిచిన చప్పుడు రికార్డు చేసి పంపారు. దాన్ని నేను మారేడ్‌పల్లి తీసుకెళ్ళి వినిపించాను. పెద్దావిడ రెండుసార్లు పెట్టించుకుని విన్నారు.

ఇప్పుడు షెడ్డు గోడకి 70 సెంటీమీటర్ల వెడల్పున్న ప్లైవుడ్ చక్రం ఒకటి వేలాడుతోంది. పాత గొట్టం ఏది వచ్చినా దాని చుట్టూ తిప్పే కొలత తీసుకుంటున్నాం. మూతి దగ్గర తిన్నగా ఉండేందుకు ఒక జానెడు గాడి కూడా తవ్వించాను. పెట్టె పెద్దదవుతుంది, డబ్బు ఎక్కువవుతుంది. ఆ సంగతి ఫోన్ చేసినవాళ్ళకి మొదటి మాటగానే చెబుతున్నాను.